ఆర్‌ఓ నీళ్లే బాబూ: తొమ్మిది ఆఫ్రికన్ వయొలెట్ల కేసు

హైదరాబాద్‌లో ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ లోపల పెంచుకునే మొక్కలు చూసిపెట్టడం నా పని. నాకు వచ్చే ఫోన్లలో సగం నీళ్లు ఎక్కువైన మనీ ప్లాంట్ల గురించి, మిగతా సగం ఏసీ గాలికి ఎండిన ఎరీకా పామ్‌ల గురించి. వాటిలో రాసుకోవడానికి ఏమీ ఉండదు. ఈ కేసు రాసుకోవడానికి కారణం, ఇందులో మొక్కలు తమ బాధ మొదటి రోజే చూపించాయి, ఇంటావిడ అడిగినదానికల్లా నిజమే చెప్పారు, అయినా నేను ఐదు వారాలు తప్పు దారిలో తిరిగాను. ఇల్లెవరిదో తెలియకుండా కొన్ని వివరాలు తీసేశాను. మొక్కల సంగతులు మాత్రం నా నోటుబుక్కులో ఉన్నట్టే ఇస్తున్నాను.

మొక్క, ఇల్లు

ఆఫ్రికన్ వయొలెట్‌కి తెలుగులో పేరంటూ స్థిరపడలేదు. నర్సరీల్లో ‘ఆఫ్రికన్ వైలెట్’ అంటారు. వయొలెట్ అన్నది పేరులోనే గానీ వయొలెట్ల కుటుంబంతో దీనికి చుట్టరికం లేదు, ఇది జెస్నేరియేసీ కుటుంబం. సొంత ఊరు టాంజానియా ఈశాన్యంలో ఉన్న ఉసంబరా కొండలు, వాటి చుట్టుపక్కల అడవులు, కొంచెం కెన్యా. అక్కడ ఏళ్ల తరబడి బతికే అడవి పూల మొక్క ఇది. 1892లో అక్కడి టాంగా ప్రాంతంలో జర్మన్ అధికారిగా ఉన్న వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్-ఇలేర్ దీన్ని జర్మనీలో ఉన్న తండ్రికి పంపాడు. మరుసటి ఏడాది జర్మనీలోని హెర్రెన్‌హౌసెన్ తోటలకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు హెర్మన్ వెండ్‌లాండ్ ఆ ఇంటిపేరు మీదనే దీనికి సెయింట్‌పౌలియా అయొనాంతా అని పేరు పెట్టాడు. 2015లో దాన్ని అదే కుటుంబంలోని స్ట్రెప్టోకార్పస్ అనే ప్రజాతిలో కలిపేశారు గానీ పెంచేవాళ్లు ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు. కిటికీ గట్టు మీద పెరిగే వేల రకాలకు పుట్టిల్లు ఆ కొండలే. అడవులు నరికి పొలాలు చేస్తూ పోవడంతో అక్కడ అసలు మొక్కకే చోటు కరువవుతోంది.

కేసు వచ్చింది ఫిబ్రవరి మొదట్లో. అరవై దాటిన రిటైర్డ్ టీచరు ఫోన్ చేశారు. అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు, ఒక్కరే ఉంటారు. కూతురు అమెరికాలో. ఆ అమ్మాయి వంటింటి కిటికీలో ఆఫ్రికన్ వయొలెట్లు ఏడాది పొడుగునా పూస్తాయి, వీడియో కాల్‌లో రోజూ కనపడతాయి. ఈవిడకు కూడా ముచ్చటేసి ఆగస్టులో కొరియర్‌లో పన్నెండు మొక్కలు తెప్పించుకున్నారు. పూలతో వచ్చాయట. నెలన్నరకు ఆ పూలు రాలాయి, మళ్లీ ఒక్క మొగ్గ లేదు. జనవరికల్లా మూడు చచ్చిపోయాయి.

ఫోన్‌లో ఆవిడ అన్న మాట నోటుబుక్కులో అలాగే రాసుకున్నాను: ‘అమ్మాయి చెప్పిందంతా అచ్చంగా చేస్తున్నాను బాబూ, అక్కడ పూస్తున్నాయి, ఇక్కడ ఏడుస్తున్నాయి.’

మొదటి రోజు చూసింది

తొమ్మిది మొక్కలూ హాల్లో టీవీ పక్కన చెక్క ర్యాక్ మీద ఉన్నాయి. అన్నీ మట్టి కుండీలే. ‘మట్టివైతే గాలి ఆడుతుంది’ అని కూతురు చెబితే ప్లాస్టిక్ కుండీల్లోంచి వీటిలోకి మార్చారు. మార్చినప్పుడు నర్సరీ నుంచి తెచ్చిన ఎర్రమట్టి, కోకోపీట్, వానపాముల ఎరువు కలిపి పోశారు. నీళ్లు పైనుంచి పోయరు. కింద సాసర్లో పోస్తే మట్టే పీల్చుకుంటుంది. ఇదీ కూతురి సలహానే, ఆఫ్రికన్ వయొలెట్లు పెంచేవాళ్లు ఎక్కువమంది చేసేదీ ఇదే.

బయటి ఆకులు మెత్తబడి కుండీ అంచు మీద వాలిపోయి ఉన్నాయి. అంచుకు ఆనిన చోట కాడలు గోధుమరంగుకు తిరిగి కుళ్లుతున్నాయి. ఆకుల మీద అక్కడక్కడ పాలిపోయిన పసుపు రంగులో వలయాలు, వంకర గీతలు. నాకు బెంగ పుట్టించింది మాత్రం మొవ్వు. నడిమధ్య కొత్త ఆకులు విచ్చుకోకుండా ముద్దగా, గిడసబారి, ఒకదాని మీద ఒకటి బిగిసిపోయి ఉన్నాయి. కొన్నింటి మీద తుప్పు రంగు పొడి లాంటిది ఉంది. వేలితో తాకితే మట్టి తడిగానే ఉంది.

వలయాలు రోగం కాదని వెంటనే తెలిసింది. ఈవిడ రోజూ పొద్దున దీపం పెట్టాక ఆకుల మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లేవారు. డిసెంబరు, జనవరుల్లో రాత్రంతా ఓవర్‌హెడ్ ట్యాంకులో ఉన్న నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. ఈ మొక్క ఆకు మీద దానికంటే బాగా చల్లని నీళ్లు పడితే, పై పొర కింద ఉండే పచ్చ కణాలు అక్కడికక్కడ చచ్చిపోతాయి. చుక్క నిలిచిన చోట వలయం, జారిన చోట గీత. ఇది తెగులనుకుని నర్సరీవాళ్లు ఒక శిలీంద్రనాశిని అమ్మారు, రెండుసార్లు కొట్టారు కూడా. ఆ మందూ స్ప్రే బాటిలూ రెండూ పక్కన పెట్టించాను. అక్కడివరకూ సరిగానే ఉన్నాను.

తర్వాత వెలుతురు చూశాను. ఫోన్‌లో ఉన్న లక్స్ యాప్‌తో ర్యాక్ మీద కొలిస్తే ఐదు వందలకు అటూఇటూ వచ్చింది. ఈ మొక్క పూయాలంటే దానికి పదిహేను, ఇరవై రెట్లు కావాలి. ‘ఎండ తగలకూడదు’ అన్న మాటను చాలామంది ‘వెలుతురు అక్కర్లేదు’ అని అర్థం చేసుకుంటారు, ఇదే మొదటిసారి కాదు. పూలు లేకపోవడానికి కారణం దొరికిందనుకున్నాను. ర్యాక్ పై అరకు రెండు ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు బిగించి, పన్నెండు గంటలు వెలిగేలా టైమర్ పెట్టించాను.

మొవ్వు బిగుసుకుపోవడానికి నా మనసులో ఉన్న కారణాలు మూడు. నల్లి, అంటే మొక్కల రసం పీల్చే, మామూలు కంటికి కనపడనంత చిన్న సైక్లమెన్ నల్లి. లేదా ఎరువు, ఉప్పులు ఎక్కువ కావడం. లేదా వెలుతురు మరీ ఎక్కువ కావడం. మూడోది ఇక్కడ కుదరదు. మిగిలిన రెండింటిలో ఏదో తేల్చాలంటే ఎరువు గురించి, నీళ్ల గురించి అడగాలి. అడిగాను.

‘ఎరువు ఏమైనా వేస్తున్నారామ్మా?’

‘పూలు రావట్లేదని నెల నుంచి పంతొమ్మిది-పంతొమ్మిది వేస్తున్నా. కొంచెమే.’

‘నీళ్లు ఏవి పోస్తున్నారు?’

‘ఆర్‌ఓ నీళ్లే బాబూ.’

నోటుబుక్కులో ‘నీళ్లు: ఆర్‌ఓ. ఓకే.’ అని రాసుకుని ముందుకెళ్లిపోయాను. ఆ పేజీ ఇప్పుడు చూసుకుంటే నాకే నవ్వొస్తుంది. బోరు నీళ్లు పోస్తున్నారేమో అన్నదే నా అనుమానం. ఆర్‌ఓ మిషన్ నీళ్లలో ఉప్పులు తీసేస్తుంది కాబట్టి ఆ మాట వినగానే ఆ అనుమానం పోయింది, దాంతో ఉప్పుల సంగతే మనసులోంచి తీసేశాను. ఎరువు నెల నుంచే కాబట్టి అది అంత పని చేసి ఉండదనుకున్నాను. ఇక మిగిలింది నల్లి.

పోయేముందు మొక్కలను కొంచెం శుభ్రం చేశాను. కుళ్లిన ఆకులు తీసేశాను. రెండు మొక్కలకు పక్కనుంచి పిలకలు వచ్చాయి. ఈ మొక్కకు ఒకే మొవ్వు ఉంటేనే అందం, పిలకలు ఉంటే పూత తగ్గుతుంది. అలవాటుగా వాటిని గిల్లి చెత్తబుట్టలో వేశాను.

నల్లి వేట

నా దగ్గరున్న భూతద్దం పది రెట్లది. సైక్లమెన్ నల్లిని దానితో పట్టుకోవడం కష్టం, మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదది. భూతద్దంలో ఏమీ కనపడలేదు. కనపడకపోతే లేదని చెప్పలేం అనుకున్నాను. ఇలాంటి వాదన ప్రమాదం: ఆధారం దొరికితే సరే, దొరక్కపోయినా సరే అన్నట్టుంటుంది. తొమ్మిది మొక్కలనూ దూరదూరంగా పెట్టించి, ఆకుల మధ్య మొవ్వులోకి దిగేలా నల్లి మందు బాల్కనీలో పెట్టి పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాను. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంట్లో, నిర్ధారణ లేకుండా పురుగుమందు వాడటం ఇప్పుడు తలచుకుంటే నాకే నచ్చదు.

ఐదో వారం, మార్చి రెండో వారంలో, వెళ్లి చూస్తే మొవ్వులు ఇంకా బిగుసుకున్నాయి. ఒక మొక్క బాగా పాడైంది. ఇప్పుడు ఇంకో చిక్కు: లైట్లు పెట్టింది కూడా నల్లి మందు మొదలుపెట్టిన రోజే. బిగుసుకోవడం లైటు ఎక్కువై జరిగిందా, నల్లి చావక జరిగిందా? రెండు మార్పులు ఒకేరోజు చేశాను కాబట్టి దేని ఫలితం ఏదో చెప్పే దారి లేకుండా నేనే మూసేశాను.

కుర్చీ వేసుకుని వాటి ముందు కాసేపు కూర్చున్నాను. అప్పుడు పట్టించుకున్నాను, తొమ్మిది మొక్కలకూ ఒకే రకం బాధ, దాదాపు ఒకే మోతాదులో ఉంది. నల్లి అలా రాదు. ఒక మొక్కకు పడుతుంది, పక్కదానికి పాకుతుంది, ఒకటి చచ్చేసరికి ఇంకొకటి అప్పుడే మొదలవుతుంది. తొమ్మిదింటికీ ఒకేసారి ఒకేలా వచ్చిందంటే తొమ్మిదింటికీ ఉమ్మడిగా అందుతున్నదేదో కారణం. ఉమ్మడిగా అందేవి గాలి, మట్టి, నీళ్లు. ఈ మాట ఫిబ్రవరిలోనే తట్టాల్సింది.

కుండీల అంచులు మళ్లీ చూశాను. అంచు చుట్టూ తెల్లటి పొర. గోటితో గీకితే సున్నంలా రాలింది. మట్టి పైభాగాన కూడా పలచగా తెల్లదనం, చవుడు నేల మీద ఎండాకాలం పేరుకున్నట్టు. ఆర్‌ఓ నీళ్లకు ఇంత సున్నం ఎక్కడిది?

‘అమ్మా, నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారో ఒకసారి చూపిస్తారా?’ అన్నాను.

వంటింటి వెనక యుటిలిటీలోకి తీసుకెళ్లారు. గోడకు ఆర్‌ఓ మిషన్. దాని కిందనుంచి సన్నటి తెల్ల పైపు ఒకటి దిగి నీలం బకెట్‌లో పడుతోంది. సన్నగా ధార. బకెట్ లోపలి గోడ మీద నీళ్లు నిలిచే ఎత్తులో బూడిదరంగు చార. పక్కనే పాత స్టీలు చెంబు.

‘ఇవే. మిషన్ వదిలే నీళ్లు. ఊరికే డ్రెయినేజీలోకి పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే పట్టిపెడతా. మంచినీళ్లు మనకి, ఇవి మొక్కలకి.’

జేబులో ఉన్న టీడీఎస్ మీటరు తీశాను, నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో పీపీఎంలో చూపిస్తుందది. కుళాయిలో బోరు నీళ్లు 820. మిషన్ శుద్ధి చేసిన నీళ్లు 45. బకెట్‌లోవి 1,210. ఆర్‌ఓ మిషన్ ఉప్పులను మాయం చేయదు, ఒక పక్కనుంచి తీసి ఇంకో పక్క నీళ్లలోకి తోస్తుంది. మనం తాగే గ్లాసులో లేని ఉప్పంతా వదిలేసిన నీళ్లలో ఉంటుంది. ఆవిడ ఆరు నెలలుగా బోరు నీళ్ల కంటే ఒకటిన్నర రెట్లు ఉప్పున్న నీళ్లు పోస్తున్నారు. నేను అడిగినప్పుడు చెప్పింది అబద్ధం కాదు. ఆవిడ లెక్కలో అవి ఆర్‌ఓ నీళ్లే.

నీళ్లు పొదుపు చేయాలన్న ఆలోచన తప్పు కాదు కాబట్టి ఆ మాట జాగ్రత్తగా చెప్పాలి. ‘అంటే నేనే చంపుకున్నానా?’ అన్నారు. బకెట్ తీసేయమనలేదు. ఇల్లు తుడవడానికి, బాత్రూముకు వాడమన్నాను. బాల్కనీలో తులసి కుండీ చూస్తే దాని ఆకుల చివర్లు కూడా మాడుతున్నాయి. అది మొండి మొక్క కాబట్టి ఇన్నాళ్లు తట్టుకుంది.

తడి మట్టిలో దాహం

మట్టి తడిగా ఉన్నా ఆకులు ఎందుకు వాలాయని ఆవిడ అడిగారు. ఆవకాయ పెట్టేటప్పుడు ముక్కల్లో ఉప్పు కలిపి ఉంచితే ఏమవుతుందమ్మా అన్నాను. ‘ఊట దిగుతుంది.’ ఉప్పు చుట్టూ ఉంటే ముక్కలో నీరు బయటికి వస్తుంది. వేరుకూ అదే గతి. చుట్టూ ఉప్పు నీళ్లుంటే అది పీల్చుకోలేదు, ఒక్కోసారి తనలో ఉన్నది కూడా పోగొట్టుకుంటుంది. మొక్క వాలింది కదా అని ఇంకాస్త నీళ్లు పోస్తే ఇంకాస్త ఉప్పు.

కూతురి సలహాలు అక్కడ పనిచేసి ఇక్కడ ఎందుకు దెబ్బకొట్టాయో కూడా అప్పుడు అర్థమైంది. సాసర్ నుంచి నీళ్లు పైకి ఎక్కుతాయి, మట్టి పైభాగం నుంచి ఆవిరవుతాయి. నీళ్లు పోతాయి, ఉప్పు పైనే మిగులుతుంది, సరిగ్గా మొవ్వు కూర్చున్న చోట. తేలిక నీళ్లున్న ఊళ్లో, అప్పుడప్పుడు పైనుంచి ఒకసారి కడిగితే దీనివల్ల నష్టం లేదు. మట్టి కుండీ ఇంకో మెట్టు: దాని గోడ నుంచీ అంచు నుంచీ కూడా నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు అంచున చేరుతుంది, దానికి ఆనిన కాడ కుళ్లుతుంది. సలహాలో తప్పు లేదు, దాని వెనకున్న నీళ్లు వేరు. నేను పెట్టిన లైట్లు కూడా ఆవిరిని పెంచి ఆ ఐదు వారాల్లో పని ఇంకా తొందర చేసి ఉంటాయి.

ఉసంబరా కొండల గురించి నాకు తెలిసింది ఇక్కడ పనికొచ్చింది. అక్కడ ఈ మొక్క నేలలో లోతుగా వేళ్లు దించదు. తేమగా, నీడగా ఉండే అడవిలో నాచు పట్టిన బండల సందుల్లో, గుప్పెడు ఆకుకుళ్లు ఉన్న చోట అంటిపెట్టుకుంటుంది. దానికి అందేది వాన నీళ్లు, అందులో కరిగిన ఉప్పు ఉండీ లేనట్టే. వచ్చిన నీళ్లు బండ మీదనుంచి జారిపోతాయి, వేరు దగ్గర నిలవవు. వేళ్లు సన్నగా, పైపైన ఉంటాయి. అలాంటి మొక్కను ఎర్రమట్టిలో కూర్చోబెట్టి, బోరు నీళ్లలో మిగిలిన ఉప్పు పోశాం. ఈ మాటలన్నీ నేను ఎప్పుడో క్లయింట్లకు చెప్పినవే, మొదటి రోజు ఆ ర్యాక్ ముందు నిలబడి నాకు నేను చెప్పుకోలేదంతే.

కడగడమా, మట్టి మార్చడమా

దారులు రెండు. ఉన్న కుండీలోనే మంచి నీళ్లు ధారాళంగా పోసి ఉప్పు కడిగేయడం, లేదా మట్టి మొత్తం మార్చడం. కడిగితే వేళ్లు కదలవు, మొక్కకు షాక్ తక్కువ. మట్టి మారిస్తే ఇప్పటికే నీరసపడ్డ వేళ్లు ఇంకా తెగుతాయి. మార్చి నెల, ముందు ఎండాకాలం. కడగడమే మేలనిపించింది, అయినా ఈసారి అన్నింటి మీదా ఒకేసారి చేయలేదు. రెండు మొక్కలు తీసుకున్నాను. ఒక్కోదానికి కుండీ నిండే కొలత కంటే నాలుగు రెట్లు శుద్ధి చేసిన నీళ్లు పోసి, కింద కారింది పట్టి కొలిచాను. మొదట కారిన నీళ్లలో 2,600. చివరికి 400 వచ్చింది. లెక్క ప్రకారం బ్రహ్మాండం.

తొమ్మిదో రోజు ఒకదాని మొవ్వు నల్లబడి, పట్టుకుంటే మొదలంటా ఊడి చేతిలోకి వచ్చింది. మొవ్వు కుళ్లు. ఉప్పు పోయింది గానీ ఎర్రమట్టి ఆ నీళ్లను వదల్లేదు, దెబ్బతిన్న వేళ్లు వారం రోజులు బురదలో ఉన్నాయి. ఉప్పు కొలిచిన నేను నీళ్లు ఎన్ని రోజుల్లో దిగుతాయో కొలవలేదు. రెండు మొక్కలతో ఆపినందుకు ఒకటే పోయింది.

మిగిలిన ఎనిమిదింటికీ మార్చి చివర్లో మట్టి మార్చాం. కోకోపీట్ సగం, పెర్లైట్ (నీళ్లు నిలవకుండా చేసే తేలికైన తెల్ల గుళికలు) సగం, అంతే. ఎర్రమట్టి, వానపాముల ఎరువు ఏవీ లేవు. కోకోపీట్‌ను బకెట్‌లో నానబెట్టి పిండి, మూడుసార్లు కడిగించాను. కొబ్బరి పీచు నుంచి వచ్చే పొట్టులో దాని ఉప్పు దానికి ఉంటుంది, ఒక ఉప్పు వదిలించుకుని ఇంకోటి తెచ్చుకోకూడదు. కుండీలు ప్లాస్టిక్‌వి, చిన్నవి. ఆకులు ఎంత వెడల్పు పరుచుకున్నాయో దాంట్లో మూడో వంతు వెడల్పు చాలు. ‘ఇంత చిన్న కుండీలోనా’ అని ఆవిడ మూడుసార్లు అడిగారు.

ఒక మొక్కకు కుండీ తీసి చూస్తే వేరన్నదే లేదు, గోధుమరంగు మోడు మిగిలింది. దాన్ని గట్టి, తెల్లటి కండ కనపడేదాకా బ్లేడుతో పైకి కోసుకుంటూ వెళ్లి, నాలుగే ఆకులు ఉంచి, తడి పెర్లైట్‌లో గుచ్చి, పైన స్వీట్ బాక్స్ మూత బోర్లించాను. నెలకు వేళ్లు వేసింది. నేను ఆశపెట్టుకోని మొక్క అది.

నీళ్లకు ఉత్త ఆర్‌ఓ వాడలేదు. 45 ఉన్న నీళ్లలో కాల్షియం దాదాపు ఉండదు, పైగా కోకోపీట్ తనకందిన కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కుళాయి నీళ్లలో మరీ ఎక్కువున్నది ఇదే కదా. అందుకని తొమ్మిది గ్లాసుల ఆర్‌ఓ నీళ్లకు ఒక గ్లాసు కుళాయి నీళ్లు కలపమన్నాను, 120 దగ్గరకు వస్తుంది. ఈవిడ లెక్కల టీచరు. నేను చెప్పేలోపే నోటితో లెక్కవేసి 122.5 అన్నారు. ఆ రోజే సొంతంగా ఒక టీడీఎస్ మీటరు ఆర్డర్ పెట్టుకున్నారు.

ముందుజాగ్రత్తగా ప్రతి మొక్క నుంచి ఒక్కో గట్టి ఆకు తీసి, కాడ అంగుళంన్నర ఉంచి ఏటవాలుగా కోసి, పెర్లైట్‌లో నాటాం. పెద్ద మొక్క పోయినా పిల్ల ఉంటుంది.

ఎండాకాలం

ఈ మొక్కకు ఇష్టమైన వేడి ఇరవై నుంచి ఇరవై ఐదు డిగ్రీలు. మే నెలలో ఐదో అంతస్తు ఫ్లాట్‌లో లోపల కూడా ముప్పై నాలుగు చూశాను. ఎండాకాలం పూలు అడగొద్దని ముందే చెప్పేశాను. ఏప్రిల్‌లో రెండు మొక్కలకు మొగ్గలు వస్తే గిల్లించాను. ఆరు నెలలు ఎదురుచూసిన మొగ్గను గిల్లమంటే ఆవిడ ముఖం చూడాలి. కొత్త వేళ్ల మీద అప్పుడే పూత భారం పెట్టడం నాకిష్టం లేదు. లైట్లు పన్నెండు గంటల నుంచి తొమ్మిదికి తగ్గించి, అది కూడా చల్లగా ఉండే పొద్దునపూటకు మార్చాను. ర్యాక్‌ను రాత్రి ఏసీ ఉండే పడకగదిలోకి చేర్చాం, గాలి నేరుగా తగలకుండా. వత్తి పెట్టి నీళ్లందించే పద్ధతి ఉంది, ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టే. ఆవిడకు అది చాలా నచ్చింది. వేడిలో ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్లుకు దారి అని, వర్షాలు పడేదాకా ఆగమన్నాను. పైపొర ఆరిందని వేలికి తెలిశాకే, చెంబుతో, పైనుంచి, గదిలో ఉంచిన నీళ్లు. సాసర్లో మిగిలింది పారబోయాలి.

మే మూడో వారంలో ఆవిడ బంధువుల పెళ్లికి నాలుగు రోజులు ఊరెళ్లారు. తలుపులు, కిటికీలు మూసి, ఏసీ ఆపి. తిరిగి వచ్చేసరికి రెండు మొక్కలు ఉడికినట్టు పడిపోయి ఉన్నాయి. ఎనిమిదిలో ఆరు మిగిలాయి. ఊరెళ్లేటప్పుడు ఏం చేయాలో నేను రాసి ఇవ్వలేదు. మన దగ్గర మే నెలంటే పెళ్లిళ్ల నెల, ఊళ్లు తిరగకుండా ఎవరుంటారు?

జూలైకి మొవ్వులు విచ్చుకున్నాయి. మళ్లీ మందు కొట్టకుండానే. నల్లి అన్నది ఎప్పుడూ లేదని అప్పుడు ఖాయమైంది. ఆగస్టులో లైట్లు మళ్లీ పన్నెండు గంటలు, వత్తులు కూడా పెట్టాం, పలచటి ఎరువు మొదలుపెట్టాం, నెలకోసారి పైనుంచి కడగడం. సెప్టెంబరులో మొదటి పువ్వు, ముద్ద గులాబీ రంగుది. దీపావళికి ఆరింటిలో ఐదు పూశాయి. ఆరోది మే వేడికి కిందటి ఆకులు పోగొట్టుకుని నెమ్మదిగా కోలుకుంటోంది. వేరు లేకుండా స్వీట్ బాక్స్ కింద పెరిగిన మొక్క అన్నింటికంటే ఎక్కువ పూసింది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

ఈ కేసు తర్వాత ‘ఏ నీళ్లు పోస్తారు’ అని అడగడం మానేశాను. ‘రోజూ ఎలా పోస్తారో ఒకసారి పోసి చూపించండి’ అంటాను. చెంబు ఎక్కడుంది, దేంట్లో ముంచుతారు, ఎంత పోస్తారు, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. టీడీఎస్ మీటరు అంతకుముందూ నా జేబులోనే ఉండేది, అనుమానం వస్తేనే తీసేవాణ్ణి. ఇప్పుడు మొదటి రోజే మూడు కొలతలు: కుళాయి, మొక్కకు పోసే నీళ్లు, కుండీ నుంచి కారే నీళ్లు. ఆర్‌ఓ వదిలే నీళ్లు మొక్కలకు పోసే ఇళ్లు ఆ తర్వాత ఇంకో నాలుగు దొరికాయి. అన్నీ పొదుపరుల ఇళ్లే.

ఒకే బాధ అన్ని మొక్కలకూ ఒకేలా ఉంటే మందు డబ్బా మూత తీయను. ఒక సందర్శనలో ఒకే మార్పు చేస్తాను. క్లయింట్లు కొందరు ‘ఇంతేనా’ అన్నట్టు చూస్తారు, ఫీజుకు సరిపడా పని కనపడాలి కదా. ఓపిక పట్టమంటాను.

ఇంకొకటి కూడా మార్చుకున్నాను: మొక్కను ముట్టుకునేముందు, అది బాగున్నప్పటి ఫొటోలు అడుగుతాను. దానికి కారణం మే నెలలో పోయిన రెండింటిలో ఒకటి.

ఏప్రిల్‌లో ఒకరోజు ఆవిడ ఫోన్‌లో పాత ఫొటోలు చూపించారు, ఆగస్టులో మొక్కలు పూలతో వచ్చినప్పటివి. అందులో ఒకటి తెల్లటి పువ్వు, ఒక్కో రేకు నడిమధ్య నిలువునా ఊదా చార, పిల్లలు ఆడుకునే గాలిపంకంలా. ‘నాకు అన్నింట్లో ఇదే ఇష్టం బాబూ. దీని ఆకు నాటావు కదా, పోయినా పర్లేదు.’ అలాంటి చారల పువ్వులు కైమెరాలు. మొక్కలో రెండు రకాల కణజాలం పొరలు పొరలుగా కలిసి ఉంటుంది, ఆ పొరల అమరికే చార. ఆకు కాడ నుంచి పిల్ల మొక్క పుట్టేటప్పుడు అందులో ఆ అమరిక రాదు, పువ్వు సాధారణంగా ఒకే రంగులో వస్తుంది. చార అలాగే రావాలంటే పిలక కావాలి, లేదా పూకాడ నుంచి మొక్క తీయాలి. ఆ సంగతి అప్పుడు ఆవిడకు చెప్పలేకపోయాను. పెద్ద మొక్క బతికే ఉంది, దానికి ఇంకో పిలక రాకపోదు అనుకున్నాను. నెల తిరక్కుండానే అది పోయింది. అప్పుడు చెప్పాను. ‘చూద్దాంలే’ అన్నారు.

ఆకు పిల్లలు మూడు వచ్చాయి. జనవరిలో వాటిలో ఒకటి మొగ్గ వేసిందని ఆవిడే ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్లేసరికి విచ్చుకుంది. మామూలు ఊదా పువ్వు, చార లేదు. ఆవిడ దాన్ని ర్యాక్‌లో నడిమధ్య పెట్టారు, కూతురికి వీడియో కాల్‌లో చూపించారు. ఆ పక్కన నిలబడి నేను పాత నోటుబుక్కు తెరిచాను. ఫిబ్రవరి పేజీలో, ‘నీళ్లు: ఆర్‌ఓ. ఓకే.’ అన్న వరుస కింద, నా చేతిరాతే: ‘4వ మొక్క, 7వ మొక్క. పిలకలు తీసేశాను.’ చారల పువ్వు నాలుగోది.